కరెంటు పంపు కోసం మదరాసు దాకా

నెల్లూరు నుంచి మదరాసుకు లారీ సామాను కొనడానికి వెళ్ళదలచినవారికి నా అనుభవం పనికివస్తుందని ఇది రాస్తున్నాను. పొద్దున ఐదుంబావుకు ప్యాసింజరు బండి ఉంది. ఉందని టైంటేబిలులో అచ్చువేసినవాడికీ, వాణ్ణి నమ్మి నాలుగున్నరకే ప్లాటుఫారం మీద నిలబడ్డ నాకూ, ఇద్దరికీ బుద్ధి లేదు. ఆరున్నరకు వచ్చింది. వచ్చాక నీళ్ళు పట్టుకోవడానికి ఇంకో ఇరవై నిమిషాలు నిలబడింది. మూడో తరగతి టిక్కెట్టు మూడు రూపాయల చిల్లర. ఆ డబ్బుకు మీకు కూర్చునే చోటు కూడా దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పే పంతుల్ని. అది మే నెల, బడికి సెలవులు. ఎండాకాలం మదరాసు వెళ్ళేవాడు పిచ్చివాడైనా కావాలి, బావమరిది ఉన్నవాడైనా కావాలి. నాకు దేవసహాయమనే బావమరిది ఉన్నాడు. అతనికి ఒక పాత డీజిలు లారీ ఉంది. కృష్ణపట్నం ఉప్పుమళ్ళ నుంచి నెల్లూరు గూడ్సు షెడ్డుకు బస్తాలు తోలుతుంది. నెల రోజులుగా ఆ లారీ దారిలో ఆగిపోతోంది. నెల్లూరులో తొట్టి నిండా డీజిలు పోసుకుని బయలుదేరుతుంది, పది పన్నెండు మైళ్ళు బాగానే పోతుంది, తర్వాత దగ్గి దగ్గి నిలబడిపోతుంది. అరగంట గడిచాక ఏమీ జరగనట్టు మళ్ళీ కదులుతుంది.

తొట్టిలోని డీజిలును లాగి ఇంజనుకు అందించడానికి ఇంజను పక్కనే చిన్న పంపు ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఫీడు పంపు అంటారు. ఇంజను తిరిగితేనే అది తిరుగుతుంది. నెల్లూరులో మా మెకానిక్కు మస్తాను దాన్ని రెండుసార్లు విప్పి, "పంపులో యేం తప్పు లేదు సార్, శుభ్రంగా ఉండాది" అన్నాడు. తప్పు కనిపెట్టలేనివాడు తప్పు లేదనడం లోకంలో ఉన్నదే కాబట్టి నేను పట్టించుకోలేదు. బ్యాటరీతో నడిచే కరెంటు పంపులు వచ్చాయనీ, అవి వేస్తే ఈ బాధలుండవనీ గూడూరులో ఎవరో దేవసహాయంతో అన్నారు. ఇంగ్లీషు చదవగలవాణ్ణి, సైన్సు తెలిసినవాణ్ణి కాబట్టి కొని తెచ్చే భారం నామీద పడింది. పడింది అనడం కూడా అబద్ధమే, నేనే మీద వేసుకున్నాను.

ఇక్కడ డ్రైవరు సంగతి చెప్పాలి. అతని పేరు పెంచలయ్య. యాభై దాటినవాడు. ఆ లారీని దేవసహాయం కొనకముందు నుంచీ తోలుతున్నాడు, లారీతో పాటే మా వాళ్ళకు సంక్రమించాడు. శుక్రవారం వస్తే స్టీరింగుకు, రేడియేటరుకు, బ్యాటరీకి, చివరకు డీజిలు తొట్టి మూతకు కూడా పసుపు కుంకుమలు పెట్టేవాడు. దేవసహాయం ఆదివారం ఏసు గుడికి వెళ్ళే మనిషి అయినా చూసీచూడనట్టు ఊరుకునేవాడు. నేను ఊరుకోలేదు. నెల కిందట డీజిల్లో నీళ్ళు పడ్డాయని మస్తాను చెప్పినప్పుడు, "యంత్రానికి పసుపేమిటయ్యా, అది ఇంజనా, అమ్మవారా? ఇకమీదట తొట్టి మూతకు పసుపు పెట్టడానికి వీల్లేదు" అని కేకలేశాను. ఆ ఆదివారం ఆరాధన కాగానే నేనే లారీ షెడ్డుకు వెళ్ళి, ఆ మూతను కిరసనాయిలుతో కడిగి, కొత్త రబ్బరు వాషరు వేసి, ఉప్పుగాలికి నీటిచుక్క లోపలికి పోకుండా చేయవలసిన జాగ్రత్తలన్నీ చేసి వచ్చాను. డ్రైవర్లకు ఇలాంటివి పట్టవు.

లారీ ఆగడం ఆ తర్వాతే మొదలైంది. పెంచలయ్య దగ్గర దానికి కారణం సిద్ధంగా ఉంది. "పసుపు మాన్పించినారు గదా సార్, బండి అలిగింది" అన్నాడు. ఆగిన చోటల్లా దిగి, తొట్టి మూత తీసి డీజిలు ఉందో లేదో చూసుకుని, రోడ్డు మీద కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించేవాడట. బండి కదిలేదట. నాకు నవ్వొచ్చింది. అలిగే యంత్రాలుండవు, అలిగే డ్రైవర్లుంటారు. దారిలో డీజిలు అమ్ముకోవడానికి ఇదొక నాటకమని నేను దేవసహాయానికి నచ్చజెప్పాను. "కొత్త పంపు వేద్దాం. దాంతో కూడా ఆగిందంటే తప్పు పంపుది కాదు, మనిషిది" అని తీర్పు కూడా నేనే చెప్పాను. దేవసహాయం వెంటనే కావలికి కబురు చేశాడు, గురువారం సాయంత్రానికి ఇంకో డ్రైవరును రమ్మని.

ఈ సంగతి పెంచలయ్యకు తెలిసింది. నేను స్టేషనుకు బయలుదేరే ముందురోజు మా ఇంటి గేటు దగ్గర నిలబడ్డాడు. "పంపు మారిస్తే నేనేం వొద్దంటానా సార్. అదీ ఆగితే నన్ను పొమ్మంటారంట గదా. ఈ వొయసులో నాకెవురిస్తారు బండి? మంచిది చూసి తీసకరండి" అన్నాడు. దొంగకు ఎంత వినయమో అనుకుని లోపలికి వచ్చేశాను.

ఇక రైలు. నా ఎదుటి బల్ల మీద వెంకటగిరి వైపు ఆసామి ఒకాయన కూర్చున్నాడు, ఆయన కాళ్ళ మధ్య నువ్వులనూనె డబ్బా ఉంది. కిటికీ తలుపు దిగక అందరూ దాన్ని గుద్దుతున్నారు. నేను జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి దాని గాడికి రాశాను, సర్రున దిగింది. క్రిస్మసుకు గుడిలో వెలిగించిన కొవ్వొత్తుల మిగులు ముక్కలను గంట కొట్టే యోహాను నాకోసం దాచిపెడతాడు. సొరుగు బిగిస్తే రాస్తాను, కూజా కారితే పూస్తాను, దారం నలిగితే మైనం పట్టిస్తాను. కొవ్వొత్తి ముక్కతో సగం సంసారం చక్కబెట్టవచ్చు. మనవాళ్ళకు దేన్నైనా గుద్దడమే తెలుసు.

గూడూరులో బండి చాలాసేపు ఆగింది. ఇడ్లీ తిన్నాను. చట్నీలో కొబ్బరికంటే నీళ్ళు ఎక్కువ, సర్వరులో మర్యాదకంటే చెమట ఎక్కువ. నేను తిరిగి వచ్చేసరికి ఆసామి తన డబ్బాలోంచి పక్కావిడ సీసాలోకి నూనె వంచుతున్నాడు. డబ్బాకు ఒకటే బెజ్జం. నూనె గుటక్ గుటక్‌మంటూ సీసాలో సగం, ఆమె చీర మీద సగం పడుతోంది. నేను చూడలేక డబ్బా లాక్కుని, ఆయన మొలతాడుకున్న చాకుతో రెండో మూల ఇంకో బెజ్జం పొడిచాను. నూనె ధారగా కారింది.

"గాలి లోపలికి పోకపోతే నూనె బయటికి ఎలా వస్తుందండీ? పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి" అన్నాను. ఊరుకోలేక ఇంకా చెప్పాను. ఏటా బళ్ళు తెరిచాక నేను పిల్లలకు చేసి చూపించే ప్రయోగం అది. ఖాళీ కిరసనాయిలు డబ్బాలో కాసిని నీళ్ళు మరిగించి, బిరడా బిగించి, పైన చన్నీళ్ళు పోస్తే, లోపల గాలి లేక డబ్బా డబ్‌మని చొట్టపడి నలిగిపోతుంది. చుట్టూ ఉన్న గాలికి అంత బలం ఉంది.

"మంచి డబ్బాను అట్టా పాడుచేసేదెందుకు సార్? నాకిచ్చినా నూనె పోసుకుంటా గదా" అన్నాడు ఆసామి. బోగీ అంతా నవ్వింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారుగానీ, మూడో తరగతి బోగీలో ఆ సామెత తిరగబడుతుంది. నాయుడుపేట దాటేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

మదరాసు చేరేసరికి పన్నెండు దాటింది. సెంట్రలు స్టేషను ఎదుటి సందులో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. నల్లుల గురించి ముందే హెచ్చరిస్తున్నాను. గుమాస్తాతో చెబితే, "అవి లేని రూము పట్టణంలో ఎక్కడుందో చెప్పండి, నేనూ వస్తాను" అన్నాడు. భోజనం చేసి మౌంటు రోడ్డు పక్క సందుల్లో లారీ సామాన్ల దుకాణాలకు నడిచాను. ఆ సందుల్లో చచ్చిన లారీల ఎముకలన్నీ దొరుకుతాయి. ప్రతి షావుకారూ తన దుకాణంలో దొరకని వస్తువు లోకంలో తయారే కాలేదని ప్రమాణం చేస్తాడు.

నాలుగో దుకాణంలో నాకు కావలసినది కనిపించింది. మిలిటరీవాళ్ళ వేలం సరుకు. కొబ్బరికాయంత ఇత్తడి పంపు, రెండు మూతులు, రెండు తీగలు. షావుకారు దాన్ని బ్యాటరీకి తగిలించాడు. టక్ టక్ టక్‌మని కొట్టుకుంటూ గిన్నెలోని డీజిలును లాగి గాజుకుండలోకి చిమ్మింది. "ఇంజను తిరగనక్కర లేదు సార్. మీరు తాళం తిప్పితే చాలు, ఇది పని మొదలుపెడుతుంది" అన్నాడు. నాకు ఎంత ముచ్చట వేసిందంటే, అడిగిన ధరకు బేరమాడడం కూడా సగంలో మరిచిపోయాను.

దుకాణం మూల కూర్చుని పాత నట్లు కడుగుతున్న ముసలాయన ఒకడు తలెత్తి, "బండికి ఏమి కంప్లయింటు అయ్యా?" అని మదరాసు తెలుగులో అడిగాడు. చెప్పాను. పది మైళ్ళు పోయి ఆగుతుంది, కాసేపటికి కదులుతుంది అన్నాను.

"ట్యాంకీ మూత సరిగా చూస్తిరా?"

నేను పంపు కొనడానికి నూటపది మైళ్ళు వచ్చాను. నట్లు కడిగేవాడి చేత మూతల గురించి పాఠం చెప్పించుకోవడానికి రాలేదు. "మా మూత దివ్యంగా ఉంది. నేనే స్వయంగా బాగుచేశాను" అన్నాను. ఆయన మళ్ళీ నట్లు కడుక్కోవడంలో పడ్డాడు. షావుకారు పంపును పాత అరవ పత్రికలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం బండిలో తిరుగు ప్రయాణం. ఒళ్ళంతా నల్లుల దద్దుర్లు. ఒళ్ళో పెట్టెను చూసి సూళ్ళూరుపేటలో ఎక్కిన ఒక పెద్దమనిషి, "గోడగడియారమా?" అన్నాడు. "దొంగను పట్టే యంత్రం" అన్నాను. ఆయన కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాడు. ఆ మాట నాకే ఎంతో నచ్చి నెల్లూరు దాకా లోలోపల చప్పరించుకుంటూ వచ్చాను.

బుధవారమంతా బిగింపు పని. మస్తాను పాత పంపును విప్పి, దాని చోట రేకు బిళ్ళ కొట్టి, కొత్తదాన్ని తొట్టి దగ్గర చట్రానికి బోల్టులు వేసి బిగించాడు. రెండు రబ్బరు గొట్టాలు తగిలించి, తీగను తాళం దాకా లాగాడు. పనిచేస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. "బాగుండే పంపును తీసి బాగుండే పంపును బిగిస్తుండాం సార్. కూలి మాత్రం నాకొస్తాది" అన్నాడు. పెంచలయ్య పక్కన కూర్చుని స్పానర్లు అందించాడు. తాళం తిప్పగానే పంపు టక్ టక్‌మంది. పెంచలయ్య దాని మీద చెయ్యి వేసి, "గుండె కొట్టుకుంటుండాది" అన్నాడు. ఇదీ వాళ్ళ సైన్సు అనుకున్నాను.

గురువారం పొద్దున ఆరింటికి నెల్లూరులో తొట్టి నిండా డీజిలు పోయించుకుని బయలుదేరాం. దొంగను కళ్ళారా పట్టుకోవాలని క్యాబిన్లో నేను కూడా ఎక్కాను. ముత్తుకూరులో ఆగి టీ తాగాం. మజ్జిగను ఎర్రగా కాచినట్టుంది. అక్కడ దిగి పెంచలయ్య తన అలవాటు ప్రకారం తొట్టి మూత తీసి పుల్ల ముంచి డీజిలు చూసుకున్నాడు. "ఏం, తగ్గిందా?" అన్నాను వెటకారంగా. "కాలినంత తగ్గింది సార్" అని మూత బిగించాడు. ఏడుంబావుకు కృష్ణపట్నం ఉప్పుమళ్ళు చేరాం. లారీ ఒక్కసారి కూడా దగ్గలేదు. కాలవలో కట్టెల పడవలు నిలబడి ఉన్నాయి, మళ్ళలో ఆడవాళ్ళు ఉప్పు గోకుతున్నారు. నాకు అవేవీ కంటికి ఆనలేదు. కరెంటు పంపు గెలిచింది, అంటే నేను గెలిచాను.

అక్కడి కాంట్రాక్టరుకు ఇంకో పని తగిలింది. ముందు ఆ మళ్ళ నుంచి ఈ గుట్టకు బస్తాలు చేరవేయమన్నాడు. మళ్ళ గట్ల మీద ఆ కొస నుంచి ఈ కొసకు మొదటి గేరులో లారీ పదిసార్లు తిరిగింది. ఇంజను ఆపింది లేదు, మూత తీసింది లేదు. పన్నెండున్నరకు చివరి లోడు ఎత్తుకుని నెల్లూరు దారి పట్టాం. ముత్తుకూరు సంతకు పోవాలని చేపల బుట్టతో రమణమ్మ అనే ముసలావిడ మాతో ఎక్కింది. బుట్ట తలుపు బయట కట్టారు, వాసన మాత్రం లోపల నా పక్కనే కూర్చుంది.

"ఈ టకటకలాడేదేంది?" అంది రమణమ్మ.

"కరెంటు పంపు. మదరాసు నుంచి తెచ్చాను" అన్నాను.

"మా కోడలు గూడా ఇట్నే. నోరు మూయదు" అంది.

రెండు మైళ్ళు పోయామో లేదో పంపు చప్పుడు మారింది. టక్ టక్‌మనేది టకటకటక అని తొందరపడింది. ఇంజను దగ్గింది. పెంచలయ్య ముఖం చూశాను, పాలిపోయింది. లారీ నాలుగు గజాలు ఈడ్చుకుపోయి నిలిచింది. రెండు పక్కలా తెల్లటి చవిటినేల, చుక్క నీడ లేదు, నడినెత్తిన ఎండ. ఇంజను ఆగినా తాళం తిప్పి ఉంది కాబట్టి పంపు మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

"అయిపోయింది నా పని" అన్నాడు పెంచలయ్య, నాతో కాదు, స్టీరింగుతో.

"నాటకం అయిపోయింది" అన్నాను నేను. అన్న మాట నోట్లో ఉండగానే కాళ్ళ కింద నుంచి ఒక చప్పుడు వినిపించింది.

డబ్.

ఆ చప్పుడు నాకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా ఏటా వింటున్నాను. అది వినగానే పిల్లలు చప్పట్లు కొడతారు. తలుపు తీసుకుని కిందికి దూకాను. తొట్టి పక్కరేకు జానెడు మేర లోపలికి చొట్టపోయి ఉంది, అచ్చం నా కిరసనాయిలు డబ్బా.

పెంచలయ్య నాకంటే ముందే మూత మీద చెయ్యి వేశాడు. అది ఊడి రాలేదు. రెండు చేతులా పట్టి తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి పోయింది, పంపు చప్పుడు మెత్తబడి మళ్ళీ టక్ టక్‌మంది. అతను మూతను తిరగేసి, మరగేసి, ఎండకేసి పట్టాడు. బొటనవేలి గోరుతో మధ్యలో గీకాడు. మట్టి కింద తెల్లగా మెరిసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కొవ్వొత్తి సార్" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. ముక్క అందులోనే ఉంది. నెల కిందట ఆ ఆదివారం నేను చేసిన జాగ్రత్తల్లో ఒకటి మీకు చెప్పలేదు. మూత మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రం కనిపిస్తే, ఉప్పునీళ్ళు దారి చేసుకున్నవి ఇక్కడే అనుకుని, కొవ్వొత్తి కరిగించి అందులో పోసి చదును చేశాను. చెప్పడానికి కూడా అది అంత చిన్న సంగతి. రంధ్రం ఎందుకుందో ఆలోచించలేదు. డీజిలు బయటికి పోయినకొద్దీ ఆ చోటికి గాలి రావాలి కదా. రైల్లో ఆసామికి చెప్పిన పాఠమే. పాత పంపు లాగలేక ఊరుకునేది, కొత్తది బలమైనది కాబట్టి తొట్టినే నలిపింది. పెంచలయ్య డీజిలు చూసుకోవడానికి మూత తీసినప్పుడల్లా గాలి పోయి బండి కదిలేది. కొబ్బరికాయ ఘనత మూతదన్నమాట.

పెంచలయ్య తుమ్మముల్లు విరిచి బెజ్జంలో పొడుస్తూ, తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "ఇది తొట్టికి ముక్కు సార్. దుమ్ము కొట్టుకుంటాదని నాకు నేర్పిన డ్రైవరు చెప్పినాడు. శుక్రారం శుక్రారం పసుపు పెట్టే ముందు చీపురుపుల్లతో పొడిచేవోణ్ణి. పసుపు రంధ్రంలో పడకుండా చుట్టూ బొట్లు పెట్టేవోణ్ణి. మీరు వొద్దన్నాక మూతకు పసుపు పెట్టలా, పుల్ల గూడా మానేసినా."

మైనం ముక్క మొత్తంగా ఊడి అతని అరచేతిలో పడింది. దానికి అంటుకుని దారంపోగు ఒకటి ఉంది, ఒత్తి తాలూకుది. అతను దాన్ని చూశాడు, నా జేబు మీదున్న చేతిని చూశాడు, తల దించుకుని మూత బిగించాడు.

రమణమ్మ మాత్రం పైనుంచి వంగి అంతా విన్నది. "ఎవుడయ్యా మూసినోడు? ముక్కు మూస్తే గొడ్డుకైనా ఊపిరాడుద్దా? వాడి ముక్కులో పొయ్యాల ఆ మైనం!" అంది. నా జీవితంలో నాకు అంత న్యాయంగా ఎవరూ శిక్ష వెయ్యలేదు.

లారీ కదిలింది. ముత్తుకూరులో రమణమ్మ దిగి, బుట్ట విప్పుకుంటూ నాకు రెండు చేపలు ఇవ్వబోయింది, వద్దన్నాను. అక్కడ నుంచి నెల్లూరు దాకా క్యాబిన్లో పంపు తప్ప ఎవరూ మాట్లాడలేదు. దారి పొడుగునా నేను ఒక్కటే లెక్క వేసుకుంటూ వచ్చాను. ఆ కొవ్వొత్తి ఎవరిదో మా ఇద్దరికే తెలుసు. షెడ్డులో నేను నోరు మూసుకుంటే చాలు. దుమ్ము కొట్టుకుంది అంటే దేవసహాయం నమ్ముతాడు. నమ్మకపోతే డ్రైవరు నిర్లక్ష్యం అంటాడు. పంతులుగారి పరువు ఎటు చూసినా భద్రం. ఈ ఆలోచన నాకు ఎంత సుఖంగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడు దాటాక షెడ్డు చేరాం. కావలి డ్రైవరు అప్పటికే వచ్చి ఉన్నాడు. చుట్టిన పరుపు మీద కూర్చుని సోడా తాగుతున్నాడు. దేవసహాయం లారీ చుట్టూ తిరిగి చొట్టపోయిన తొట్టి ముందు ఆగిపోయాడు.

"ఇదేంది? ఆగిందా దోవలో?"

పెంచలయ్య తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు. "ఆగింది అయ్యా. పంపు మంచిదే. మూత బెజ్జంలో ఏందో అడ్డం పడింది. చూసుకోకుండా ఉండేది నాదే తప్పు" అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. దొంగ అన్నవాణ్ణి కాపాడడానికి దొంగనిపించుకున్నవాడు తప్పు నెత్తినేసుకుంటున్నాడు. నేను పసుపును చూసి నవ్వాను, కొబ్బరికాయను చూసి నవ్వాను, మదరాసులో ముసలాయన్ను చూసి నవ్వాను. నెల రోజుల నవ్వు ఒక్కసారిగా నామీదికే తిరిగి వచ్చింది.

"ఏందో కాదు, కొవ్వొత్తి. పోసింది నేను" అన్నాను. జేబులోంచి ముక్క తీసి లారీ బానెట్టు మీద పెట్టాను. "డీజిలు దొంగతనం కూడా నా బుర్రలో పుట్టిందే. ఇతను చుక్క కూడా అమ్ముకోలేదు."

దేవసహాయం కొవ్వొత్తి ముక్క వైపు, నా వైపు చూశాడు. "పిల్లోళ్ళకి గాలి పాఠం చెప్పేది నువ్వే గదా బావా?" అన్నాడు.

"నేనే."

కావలి డ్రైవరు సోడా గొంతులో అడ్డం పడేంతగా నవ్వి, పరుపు భుజానికెత్తుకుని, బస్సు చార్జీలు అడిగాడు. నేనే ఇచ్చాను. మస్తాను వచ్చి తొట్టిని విప్పి చొట్ట తీస్తానన్నాడు, పాత పంపును కూడా మళ్ళీ బిగించేస్తానన్నాడు. "చెప్పినా గదా సార్, కూలి నాకొస్తాదని" అన్నాడు. మిలిటరీ పంపు ఇప్పుడు బళ్ళో సైన్సు గది అల్మైరాలో ఉంది. బ్యాటరీకి తగిలిస్తే టక్ టక్‌మంటుంది, పిల్లలు సంతోషిస్తారు.

మదరాసు వెళ్ళదలచినవారు వెళ్ళండి. నల్లులకు మందు, ఓపిక, చిల్లర పట్టుకెళ్ళండి. అక్కడ నట్లు కడిగే ముసలాయన ఎవరైనా మూత చూసుకున్నావా అని అడిగితే, టిక్కెట్టు వాపసు ఇచ్చినంత సంతోషంగా తిరిగి వచ్చి మూత చూసుకోండి. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాణ్ణి నేను. నూటపది మైళ్ళు పోయి వెతికి వచ్చాను.

సాయంత్రం పెంచలయ్య బస్తాలు దించేసి, గూడ్సు షెడ్డు నుంచి వస్తూ నన్ను మా వీధి మలుపు దాకా లారీలోనే తీసుకువచ్చాడు. దిగాక క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటూ నిలబడ్డాను. పద్నాలుగేళ్ళుగా మాటలు అమ్ముకుని బతుకుతున్నవాడికి ఒక్కటీ దొరకలేదు. అతనే కిటికీలోంచి వంగి అడిగాడు.

"రేపు శుక్రారం సార్. పసుపు పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకో పెంచలయ్యా. పొద్దున ఎన్నింటికి?" అన్నాను.

"ఆరింటికి. మీరు రాండి" అన్నాడు గేరు వేస్తూ. "పసుపు నేను పెడతా. పుల్ల మీరు పొడుద్దురు."